ఖాళీ విమానం

ఆఫీసులో ఆయన్ని అందరూ తూకం బాబాయి అంటారు. ఏ విమానంలో ముందు గదిలో ఎంత సామాను వెయ్యాలో, వెనక గదిలో ఎంత వెయ్యాలో లెక్కగట్టి పైలట్‌కి కాగితం పంపడం ఆయన ఉద్యోగం. ఆ లెక్క ఇంతవరకూ తప్పలేదు. ఇంటి లెక్కలే కాస్త అటూ ఇటూ అవుతుంటాయి.

బాబాయికి జీవితంలో ఒక్కటే గర్వం. విదేశాలకి వెళ్ళాలంటే ఏనాడూ పూర్తి ధర పెట్టి టికెట్టు కొనలేదు. తమ కంపెనీ విమానాలు వెళ్ళని చోట్లకి వేరే కంపెనీ విమానాల్లో స్టాఫ్ టికెట్టు మీద వెళతాడు. దాని ధర బస్సు చార్జీకి కాస్త పైన. కాకపోతే స్టాండ్‌బై. డబ్బు పోసి కొన్నవాళ్ళందరూ ఎక్కాలి, ఆ కంపెనీ సొంత మనుషులు ఎక్కాలి, అప్పటికీ సీటు మిగిలితే వీళ్ళని రమ్మంటారు. మిగలకపోతే పెట్టె ఈడ్చుకుంటూ ఇంటికి.

"టికెట్లు కొనడం ప్రయాణికుల పని. మనం ఈ ఇంటి మనుషులం" అంటాడు బాబాయి. ఇంటి మనుషుల్ని ఇన్నిసార్లు గుమ్మంలోంచే తిప్పి పంపే ఇల్లు ప్రపంచంలో ఇంకోటి ఉండదని ఆయన భార్య అభిప్రాయం.

ఆవిడ మందుల షాపులో కౌంటరు చూస్తుంది. పెళ్ళైన కొత్తలోనే బాబాయి ఆవిడకి స్టాఫ్ టికెట్టు మర్యాదలు నేర్పాడు. నీటుగా తయారవ్వాలి కానీ ఎవరి కంటా పడకూడదు. భోజనంలో ఏం కావాలని అడిగితే "ఏది మిగిలితే అది" అనాలి. దిండు అడక్కూడదు. పక్కవాడు భుజం మీద తల వాల్చి గురకపెట్టినా కదలకూడదు. ఇవన్నీ నేర్చుకుని ఆవిడ ఎన్నో దేశాలు చూసింది. అంతకంటే ఎక్కువ విమానాశ్రయాల కుర్చీలు చూసింది.

ఇప్పుడు సంగతి విహారయాత్ర కాదు. ఆవిడ తమ్ముడి పెళ్ళి. అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. వాడి బూట్ల లేసులు కట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, ఉద్యోగానికి పరాయి దేశం పంపింది అన్నీ ఈవిడే. పెళ్ళి అక్కడే, రేపు పొద్దున. "అక్క వచ్చి పక్కన నిలబడితేగానీ నేను పెళ్ళిపీటల మీద కూర్చోను" అని వాడు పెళ్ళికూతురికి ముందే చెప్పేశాడు.

మొన్న వెళ్ళారు. ఏదో ఆటగాళ్ళ జట్టు వచ్చి విమానం నింపేసింది. నిన్న వెళ్ళారు. అంతకుముందు విమానం రద్దయి ఆ జనమంతా ఇందులోకి వచ్చి పడ్డారు. రెండుసార్లూ ఉసూరుమంటూ తిరిగొచ్చారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పెట్టె అందుకుంటూ, "అప్పుడే వచ్చేశారా సార్? ట్రిప్పు బాగా జరిగిందా?" అని అడిగాడు. వాడు అమాయకంగానే అడిగాడు. అందుకే ఆవిడకి ఇంకా మండింది.

నిన్న సాయంత్రం బాబాయి కంప్యూటర్లో సీట్లు వెతుకుతూ ఒక్కసారిగా తొడ చరిచాడు.

"దొరికిందే! మధ్యాహ్నం విమానం. సగానికి సగం ఖాళీ! పడుకుని వెళ్ళొచ్చు!"

"టికెట్టు కొనేద్దామండీ. ఈ ఒక్కసారికి."

"ఖాళీ విమానానికి టికెట్టు కొంటారా ఎవరైనా? నవ్విపోతారు."

సంతోషం పట్టలేక బాబాయి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆ విమానం వివరాలన్నీ పెట్టి, కింద "కళ్ళున్నవాడికే కనిపిస్తుంది" అని రాశాడు. ఆ రాత్రి ఆయన ఫోను చప్పట్లతో, దండాలతో మోగుతూనే ఉంది.

ఈ రోజు ఆవిడ పొద్దున్నే బయల్దేరదామంది. "ఖాళీ విమానానికి తొందరేమిటి?" అని బాబాయి తీరిగ్గా గడ్డం గీసుకున్నాడు, బూట్లు మెరిపించుకున్నాడు, ఇంకో కప్పు టీ తాగాడు.

చెక్-ఇన్ హాల్లోకి రాగానే స్టాండ్‌బై కౌంటరు ముందు పెద్ద గుంపు కనిపించింది. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. అందరి చేతుల్లోనూ చిన్న పెట్టెలే. ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు. కౌంటర్లో అమ్మాయి తలెత్తినప్పుడల్లా అందరూ ఒకేసారి నవ్వుతున్నారు. ఆ నవ్వు బాబాయికి బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే.

"బాబాయ్!" వాళ్ళ కంపెనీ పర్సర్ ఎదురొచ్చాడు. విమానంలో భోజనాల పెత్తనం అతనిది. వెనక భార్య, ఇద్దరు పిల్లలు. "నీ పుణ్యమా అని పిల్లలకి సముద్రం చూపిస్తున్నా. నీ మెసేజ్ ఇంకో రెండు కంపెనీల గ్రూపుల్లో కూడా పెట్టా. నిన్ను తెగ మెచ్చుకున్నార్లే!"

బాబాయి మళ్ళీ గుంపుకేసి చూశాడు. "అవన్నీ నీకెందుకురా పెట్టడం?"

"మంచి విషయం దాచుకుంటామా బాబాయ్?"

వేరే కంపెనీ వాళ్ళకి ఇక్కడ హోదా చూడరు, ముందు పేరిచ్చినవాడిదే ముందు వంతు. బాబాయి వెళ్ళి పేర్లు ఇచ్చి, వేళ్ళతో గుంపుని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. బరువులు తూచే మనిషి కదా, తన గుండె బరువు కూడా వెంటనే తెలిసింది.

"ఏవండీ, మన వంతు ఎక్కడ?"

"దగ్గర్లోనే ఉన్నాం."

"దేనికి దగ్గర? గుమ్మానికా?"

ఇంతలో తమ్ముడి ఫోను. "అక్కా, బయల్దేరావా?"

"బయల్దేరానురా" అంది ఆవిడ. మొన్నా అదే చెప్పింది, నిన్నా అదే చెప్పింది. ఫోను పెట్టేసి సంచీ భుజాన వేసుకుని లేచింది. మంచినీళ్ళకనుకున్నాడు బాబాయి. ఆయన దృష్టంతా కౌంటరమ్మాయి కనుబొమల మీదే ఉంది. అవి ఎప్పుడు పైకి లేస్తాయో, ఎవరి పేరు పిలుస్తుందోనని.

తిరిగొచ్చి ఆవిడ తన పెట్టె పట్టుకుని పక్క లైన్లో నిలబడింది.

"ఇదిగో! అది ప్రయాణికుల లైను. ఇటు రా!"

"నేను ప్రయాణికురాల్నేనండీ."

బాబాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. పరువు తక్కువ మాటలు మాట్లాడేటప్పుడు తగ్గించే గొంతు అది. "కొన్నావా? పూర్తి ధరకా?"

"పూర్తి ధరకే. నా జీతంతో. మా షాపుకొచ్చి, అందరూ కొనుక్కోగా మిగిలిన మాత్రలుంటే ఇవ్వండి, అందాకా జ్వరం ఆగుతుంది అని ఎవరైనా అంటారా? వాడి పెళ్ళి ఆగుతుందా, మనకి సీటు మిగిలేదాకా?"

"మరి నాకు?"

"మీకూ కొందామనే అనుకున్నా. మీ పరువు పోతుందని ఊరుకున్నా."

గుంపులో ఎవరో దగ్గు నటిస్తూ నవ్వారు.

ఆవిడ వంతు వచ్చింది. "నమస్తే మేడమ్, ఎక్కడ కూర్చుంటారు?" అంది అమ్మాయి.

"ఏది మిగిలితే అది" అని ఆవిడ నోరు తనంతట తనే అనేసింది.

అమ్మాయి చేతిలో పని ఆపి ఆవిడ ముఖంలోకి చూసింది. "మీకు ఏది నచ్చితే అది మేడమ్. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి."

ఇంత చిన్న మాటకి ఆవిడకి కళ్ళు ఎందుకు చెమర్చాయో అక్కడెవరికీ అర్థం కాలేదు. బాబాయికి మాత్రం అయింది, అందుకని బూట్లకేసి చూసుకున్నాడు. "కిటికీ పక్కన" అంది ఆవిడ చివరికి. పెళ్ళి కానుకలతో పెట్టె ఉండాల్సిన దానికన్నా బరువు తూగింది. ఆ అంకె ముందుగా చూసింది బాబాయి కళ్ళే. అమ్మాయి కూడా చూసింది, చూసి, ఏమీ అనకుండా ట్యాగ్ కట్టి పెట్టెని లోపలికి పంపేసింది.

స్టాండ్‌బై పేర్లు పిలిచారు. పిలుస్తూ పిలుస్తూ పర్సర్ కుటుంబం వంతు రాకముందే ఆగిపోయారు. కౌంటరు మూసేశారు. మిగిలినవాళ్ళంతా ఆ అమ్మాయికి ఇంకోసారి మర్యాదగా నవ్వి, ఆమె అటు తిరగ్గానే ముఖాలు వేలాడేశారు.

"పిన్ని భలే పని చేసింది బాబాయ్" అన్నాడు పర్సర్, ఏడుస్తున్న చిన్నదాన్ని ఎత్తుకుంటూ. "పోన్లే. రేపటికి ఇంకో ఖాళీ విమానం చూడు. అందరం కలిసే వెళదాం."

బాబాయి టికెట్లమ్మే కిటికీ దగ్గరికి నడిచాడు.

"రేపు పొద్దున ఒకటుంది సార్" అన్నాడు లోపలి కుర్రాడు. "సాయంత్రానికి చేరతారు."

పెళ్ళి అయిపోతుంది. విందు అందుతుంది.

"ఎన్ని ఖాళీలున్నాయి బాబూ?"

"చాలా ఉన్నాయి సార్. దాదాపు ఖాళీయే."

బాబాయి గుండె ఒక్క గంతేసింది. చెయ్యి దానంతటదే ఫోను కోసం జేబులోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే గాజు గోడ అవతల ఆయన భార్య కనిపించింది. ఎవరూ ఆగమనలేదు, ఎవరూ పక్కకి జరగమనలేదు. చేతులూపుకుంటూ దారి మధ్యలోంచి నడిచి వెళ్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ విమానాశ్రయంలో అలా నడవడం ఆయన చూడలేదు.

ఫోను జేబులోనే వదిలేశాడు.

"ఒకటివ్వు బాబూ" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "పూర్తి ధరదే."

"బాబాయ్!" వెనకనించి పర్సర్ కేక. "అక్కడేం చేస్తున్నావ్? రేపటి సంగతేమంటున్నారు?"

"మొత్తం నిండిపోయిందట్రా" అన్నాడు బాబాయి వెనక్కి తిరక్కుండా, అరచేతిలో దాచిన బ్యాంకు కార్డుని కిటికీ కిందనించి మెల్లిగా లోపలికి తోస్తూ.