రాలిన గులాబీ

రాష్ట్రపతి భవన్ తోటలోకి ఫోన్లు రానివ్వరని ఫణికుమార్ తన ఫోను సరోజినీ నగర్ క్వార్టర్‌లోనే వదిలేసి అక్కని తీసుకెళ్లాడు. సెలవులకి వచ్చిన హైమవతికి ఆ తోట చూస్తే ఒళ్లు మండింది.

"ఇన్ని పూలున్నాయి, ఒక్కటీ కోయకూడదటరా! తల్లో పెట్టుకోడానికి కాకపోతే ఇంకెందుకు?"

నేలరాలిన గులాబీని మాత్రం వదల్లేదు. కశ్మీర్‌లో హవల్దారుగా ఉన్న మొగుడికి ఫోన్లో చెప్పి నవ్వించాలనుకుంటూ జడలో తురుముకుంది.

ఇంటికొచ్చేసరికి మరదలు ఇంద్రాణి ఆ ఫోను పట్టుకుని గుమ్మంలో ఏడుస్తోంది.

"యూనిట్ నుంచి ఫోనొచ్చింది వదినా. అన్నయ్యగారు... ఇక లేరు."

హైమవతి చెయ్యి దానంతటదే జడలోని పువ్వు మీదికి వెళ్లింది. ఇంద్రాణి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరు తీయకండి వదినా. తీయడానికి ఊళ్లో చాలామంది కాచుక్కూర్చుంటారు."