కోచ్ భార్యకు పెళ్ళిచూపులు

"నీలం గౌను వేసుకో. ఎరుపు ఎక్కడా తగలకూడదు," అన్నాడు రాయిస్ అద్దం ముందు కాలరు సర్దుకుంటూ.

డార్లా చెవులకున్న ఎర్రరాళ్ళ దుద్దులు తీసి డ్రాయరులో పడేసింది. రాయిస్ కోచ్‌గా ఉన్న టాల్బర్ట్ హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు రంగు ఎరుపు. ఇవాళ వెళ్ళేది స్టెడ్‌మన్‌కి. వాళ్ళది నీలం. టెక్సస్‌లో కోచ్‌కి ఊరు మారితే భార్యకి బట్టలు మారాలి. ఆమె అలమారలో ఆకుపచ్చ ఉంది, ఊదా ఉంది, నారింజ ఉంది. ఒక్కో రంగు ఒక్కో ఊరు. తనకి ఏ రంగు ఇష్టమో ఆమెకిప్పుడు గుర్తు లేదు. అడిగినవాళ్ళు లేరు, మర్చిపోయింది.

"నవ్వుతూ ఉండు చాలు. ఎక్కువ మాట్లాడకు. పోయినసారి పిలిచినవాళ్ళ దగ్గర నీ రసాయనాల గోల మొదలెట్టావు."

"పాఠం ఏం చెప్తావని వాళ్ళే అడిగారు."

"మర్యాదకి అడుగుతారు డార్లా. మర్యాదకే జవాబు చెప్పాలి."

ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. రెండు మోచేతుల దగ్గరా మడత పడకూడదు. అతను చేతులు ఊపుతూ మాట్లాడతాడు, అక్కడే అందరి కళ్ళూ పడతాయి. ఇది అత్తగారు నేర్పిన సంగతి. ఆవిడా కోచ్ భార్యే. మామగారు ఓడి ఇంటికొచ్చిన ప్రతి శుక్రవారం ఆవిడ తెల్లారేసరికి పళ్ళు కూరిన తీపి పైలు రెండు కాల్చి ఇరుగుపొరుగుకి పంచేదట, ఊరి నోరు మూతపడుతుందని. పెళ్ళైన కొత్తలో డార్లా, సొంత ఇల్లు ఎప్పుడు కొనుక్కుంటామో అంది. అత్తగారు బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తలెత్తకుండా అంది: "కోచ్‌ని కట్టుకున్నదానికి ఇల్లూ నిలవదు, మొగుడూ ఇంట్లో నిలవడు. నిలిచేది నువ్వొక్కదానివే. కాళ్ళు గట్టిగా చూసుకో."

అప్పట్లో నవ్వొచ్చింది.

కోచ్‌ని తీసుకునేముందు స్కూలు పెద్దలు భోజనానికి పిలుస్తారు. భార్యని తీసుకురమ్మంటారు. పెళ్ళిచూపులే. పాట పాడమనరు, అంతే తేడా. కుదిరితే కోచ్‌కి ఉద్యోగం, వెనకాలే భార్యకి కూడా స్కూల్లో ఏది ఖాళీ ఉంటే అది. డార్లా కెమిస్ట్రీ చదువుకుంది. ఒక ఊళ్ళో హాజరు రాసింది. ఒక ఊళ్ళో లైబ్రరీలో పుస్తకాలు సర్దింది. ఒక ఊళ్ళో భోజనశాలలో పాల డబ్బాలు అందించింది. టాల్బర్ట్‌లో కెమిస్ట్రీ చెప్పే ముసలాయన మానేస్తే రెండు వేసవులు ఎవరూ రాలేదు, చివరికి గతిలేక ఆమెకిచ్చారు. మూడేళ్ళయింది. ఆ గదిలో అడుగుపెట్టగానే స్పిరిట్ దీపం వాసన వస్తుంది. ఆ వాసన తగలగానే ఆమెకి ఊపిరి ఆడుతుంది. మిగతా రోజంతా ఊపిరి బిగబట్టే ఉంటుంది.

స్టెడ్‌మన్ పిలుపు వచ్చినప్పటినుంచి ఆ గది పోతుందన్న మాట ఛాతీలో రాయిలా కూర్చుంది. రాత్రిళ్ళు గుండె దడదడ కొట్టుకుంటోంది. రాయిస్‌కి చెప్తే, "కాఫీ తగ్గించు," అన్నాడు.

కారు రాయిస్ నడిపాడు. రెండు పక్కలా ముళ్ళతీగ కంచెలు, వాటి వెనక ఆవులు. కంచె తెంచుకుని ఒక ఆవు రోడ్డు మీదకి వస్తే బాగుండునని డార్లా అనుకుంది. పెద్ద దెబ్బేం వద్దు. కాలు విరిగితే చాలు. కాలు విరిగినదాన్ని ఎవరూ చూపులకి తీసుకెళ్ళరు. ఆ ఆలోచన ఆమెకి కొత్త కాదు, అందుకే భయమేసింది. ఆవులు కదల్లేదు.

స్టెడ్‌మన్ స్కూళ్ళ పెద్ద అధికారి పేరు వెండెల్ ప్రూయిట్. పొట్ట మీద వెండి బకిల్, నెమ్మది మాట. భార్య జానెల్ గుమ్మంలోనే డార్లాని కావలించుకుంది. "నీలం వేసుకొచ్చావే, బంగారు తల్లీ! నీకెంత నప్పిందో!" స్కూలు బోర్డు సభ్యులిద్దరు తమ తమ భార్యలతో వచ్చారు. పొగబెట్టిన మాంసం, బీన్సు, ఐసు వేసిన టీ. ప్రార్థన ప్రూయిట్ చేశాడు. దేవుడికి తిండి గురించి ఒక్క ముక్క, వచ్చే సీజను గురించి నాలుగు ముక్కలు.

"కోచ్, మీ జట్టుకి ఉన్న బలమేంటో మీ నోటే వినాలని," అన్నాడు ప్రూయిట్ ఎముక చీకుతూ.

రాయిస్ చేతులు లేచాయి. ఈ మాటలు డార్లాకి కంఠతా వచ్చు. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో కూడా వచ్చు.

"మొట్టమొదట, నా పిల్లలు తప్పరండీ. చదువులో తప్పినవాణ్ణి ఆడనివ్వరు కదా. నా దగ్గర ఏ ఒక్కడూ చదువు వల్ల ఆట పోగొట్టుకోలేదు."

ఆదివారాలు ఆమె వంటింటి బల్ల చుట్టూ కూర్చునే పెద్దపెద్ద భుజాలు డార్లా కళ్ళముందు తిరిగాయి. భిన్నాలు రాని పదిహేడేళ్ళ పిల్లలు. పోయిన శరత్తులో ప్రిన్సిపల్ ఆమె క్లాసు గుమ్మంలో నిలబడి, "మన ఆటగాడికి ఒక్క మార్కు కలపమ్మా. ఒక్కటంటే ఒక్కటి. ఆ మాత్రం చెయ్యి రాదా?" అన్నాడు. ఆమె మార్కు కలపలేదు. ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి పదిరోజులు చెప్పి పాస్ చేయించింది. అది రాయిస్ బలం.

"రెండోది, క్రమశిక్షణ. మైదానంలో దిగినప్పుడు చూడండి, తెల్ల నిక్కరు మల్లెపువ్వులా ఉంటుంది."

బోర్డు సభ్యుడొకాయన తల ఊపాడు. "చూశామండీ. ముచ్చటగా ఉంటారు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు రాయిస్ పంచుతూనే ఉన్నాడు. గురువారం రాత్రి జట్టంతా కోచ్ ఇంట్లో కలిసి తినే భోజనం. అమ్మలతో మంచి మాట. కొత్తగా పెళ్ళైన చిన్న కోచ్‌ల భార్యలు వెళ్ళిపోకుండా నిలబెట్టడం. అన్నీ బలాలే. నిక్కర్లు ఎవరు ఉతికారో, గిన్నెలు ఎవరు తోమారో బలాల్లో రాదు.

చివరికి గొంతు తగ్గించాడు. "మాకు పిల్లల్లేరండీ. దేవుడు ఒక్క కొడుకుని ఇవ్వలేదు, ఏటేటా అరవైమందిని ఇచ్చాడు."

జానెల్ కళ్ళు తుడుచుకుంది. డార్లా కంచం వంక చూసింది. రెండోసారి కడుపు పోయినప్పుడు ఆమె కింద తువ్వాలు వేసుకుని, తన కారు తనే నడుపుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఆరోజు ప్రాక్టీసు. ఆమె నాన్న పోతే రాయిస్ రాలేదు, పూలు పంపించాడు. ఎరుపు, తెలుపు. జట్టు రంగులు. శవపేటిక మీద ఆ పూలు చూసి ఆమె అన్న, "మీ ఆయన మన నాన్నని కూడా ఆటలో దింపాడే," అన్నాడు. ఏడుస్తూనే నవ్వారు ఇద్దరూ. తర్వాత ఆమె ఒక్కతే చాలాసేపు ఏడిచింది.

"మగాళ్ళు మాట్లాడుకోనీ," అని జానెల్ లేచింది. "రా తల్లీ, నీకో బహుమతి చూపిస్తా."

మైదానం ఎదురుగానే ఉంది. గ్యాలరీ కింద కొత్తగా కట్టిన గది. జానెల్ తాళం తీసి దీపం వేసింది. గులాబీరంగు గోడలు. వరసగా మూడు పెద్ద వాషింగ్ మెషీన్లు, ఆరబెట్టేవి మూడు, మడతపెట్టడానికి పొడుగాటి బల్ల. కిటికీ లేదు. తలుపు మీద నీలం అక్షరాలు: కోచ్ గారి భార్య.

"ఎలా ఉంది?" అంది జానెల్, ముఖం వెలిగిపోతూ. "మేం ఆడవాళ్ళమంతా కేకులు అమ్మి పోగుచేసి కట్టించాం."

"పేరు రాయలేదేం?"

"మారుతూంటారు కదమ్మా. ప్రతిసారీ చెరిపి రంగు వెయ్యాలా?"

డార్లా మెషీను మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

"ఇదివరకావిడ ఇక్కడే ఉతికేదా?"

"క్రిస్టానా? లేదు పాపం, ఇంట్లోనే. ఆవిడ పోయాకే మాకు బుద్ధొచ్చింది."

"పోయిందా?"

"అయ్యో, అలా కాదు. వెళ్ళిపోయింది. అక్టోబర్లో! సీజను నట్టనడుమ! వెళ్ళేది ఆటలు ముగిసే నవంబరు దాకా ఆగి వెళ్ళొచ్చు కదా? ఆ వారం నుంచి ఒక్క ఆట గెలవలేదు. కోచ్ మొహం పీక్కుపోయింది, పిల్లలకి తిండి సరిగ్గా లేదు, ఓ శుక్రవారం మురికి నిక్కర్లతో దిగారు, ఊరంతా తలదించుకుంది. అందుకే ఈసారి మా ఆయన తెగేసి చెప్పాడు. ముందు భార్యని చూద్దాం, కోచ్‌ని తర్వాత చూద్దామని."

"ఇప్పుడెక్కడుంది క్రిస్టా?"

జానెల్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమో. ఎవరం కనుక్కోలేదు."

దీపం ఆర్పుతుంటే డార్లాకి ఒక్క క్షణం గది లోపలే తను ఉండిపోయినట్టు అనిపించింది. తలుపు పట్టుకుని నిలబడింది.

"నీరసమా? రా, తీపి తిందువుగాని."

తిరిగొచ్చేసరికి పీకన్ గింజల పై కోసి పెట్టారు. మగవాళ్ళు నవ్వుతున్నారు. రాయిస్ ముఖం చూస్తే తెలుస్తోంది, కుదిరిందని. అతను భార్య వంక చూసి కన్నుగీటాడు.

"రండమ్మా, మీకోసమే ఆగాం," అన్నాడు ప్రూయిట్. "మీకూ ఒక ఉద్యోగం చూశాను. కెమిస్ట్రీకి మాకు మనిషి ఉన్నాడు. శిక్షపడ్డ పిల్లలు కూర్చునే గది ఒకటుంది, దానికి కాపలా. పనేం ఉండదు. కూర్చోవడమే. జట్టు పనికి ఓపిక మిగులుతుంది."

"మంచి మాట," అన్నాడు రాయిస్.

"ఇంక ఒక్కటే అడుగుతానమ్మా. మీకిక్కడ బాగుంటుందా?"

దీనికో జవాబుంది. ఆయన ఎక్కడుంటే అదే నా ఇల్లు. ప్రతి ఊళ్ళోనూ చెప్పింది. చెప్పినప్పుడల్లా బల్ల చుట్టూ ఆడవాళ్ళు అబ్బా అనేవారు, మగవాళ్ళు రాయిస్ భుజం తట్టేవారు. ఆ మాట ఇప్పుడూ నాలుక దాకా వచ్చింది. అలవాటుపడ్డ గొడ్డు తనంతట తను కొట్టంలోకి నడిచినట్టు వచ్చింది. ఇది చెప్తే ఇంకో ఆరేళ్ళు. ఆరేళ్ళ తర్వాత ఇంకో ఊరు. ఈ మధ్యలో ఎప్పుడో ఆవు కంచె తెంచుకుని వస్తుంది, లేదా తనే కారుని ఆవు మీదకి తిప్పుతుంది. అది ఆమెకి ఇప్పుడు స్పష్టంగా తెలిసింది, పాఠంలో లెక్క తేలినట్టు.

"బాగుండదండీ," అంది డార్లా.

ఎవరికీ వినపడలేదనుకుని మళ్ళీ అంది. "నేను రాను. టాల్బర్ట్‌లో నాకు క్లాసులున్నాయి. ఆయన్ని తీసుకోండి. నేను రాను."

రాయిస్ నవ్వాడు. "అలిసిపోయిందండీ. రాత్రి సరిగ్గా నిద్ర లేదు. ఆ మాట మనసులోంచి వచ్చింది కాదు."

"మనసులోంచే వచ్చింది."

ఆమెకి ఇప్పుడే లేచి అందరికీ క్షమాపణ చెప్పాలని ఉంది, గిన్నెలు తీసి కడగాలని ఉంది. కూర్చునే ఉంది.

"సరే, సరే," అన్నాడు రాయిస్ ప్రూయిట్ వైపు తిరిగి. "ముందు నేను వచ్చి చేరతాను. మెల్లగా తనే వస్తుంది. ఎక్కడికి పోతుంది?"

ప్రూయిట్ ఫోర్కు పక్కన పెట్టాడు. ఆయనకి డొంకతిరుగుడు రాదు.

"కోచ్, ఏమీ అనుకోవద్దు. మీలా ఆడించేవాళ్ళు ఈ రాష్ట్రంలో ఊరికో నలుగురున్నారు. మా జాబితాలో మీ పేరు పైకి వచ్చింది ఈవిణ్ణి బట్టి. మీరిప్పుడు చెప్పిన బలాలన్నీ ఇక్కడ కూర్చుని ఉన్నాయి. ఈవిడ రాకపోతే మేం తీసుకునేది ఏముంది?"

రాయిస్ ఇది హాస్యమనుకుని నవ్వాడు. తోడు ఎవరూ నవ్వకపోయేసరికి అతని చేతులు గాలిలోనే ఆగాయి. జానెల్ లేచి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళి, మళ్ళీ రాలేదు.

తిరుగు ప్రయాణం మొదలయ్యేసరికి ఎండ వాలుతోంది. డార్లాకి గెలిచినట్టేం లేదు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో తెలుసు. నెలల తరబడి మాటలుండవు. అత్తగారు ఫోను చేస్తుంది. టాల్బర్ట్‌లో వచ్చే ఏడు రెండు ఆటలు ఓడితే జనం కోచ్‌ని పొమ్మని చెప్పడానికి అలవాటుగా రాత్రికిరాత్రి వాకిట్లో 'ఇల్లు అమ్మబడును' బోర్డు పాతుతారు, పొద్దున్నే పీకేది తనే. అతన్ని తీసేసినా తీసేస్తారు. అప్పుడు అతను వెళ్తాడు, తను ఉంటుంది. ఒక్కతే ఉండడం చేతనౌతుందో లేదో తెలీదు. కలిసి ఉన్నది ఎంతని?

"నీ వల్లే పోయింది," అన్నాడు రాయిస్ చివరికి.

"ఔను."

"పాతికేళ్ళ కష్టం. ఒక్క మాటతో ముంచేశావు."

అతను స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు.

"ఇదొక్కటే ఊరనుకున్నావా? ఇంకో ఊరు పిలుస్తుంది నన్ను. చూస్తూండు."

"పిలుస్తుంది," అంది డార్లా. "అక్కడా నన్నే అడుగుతారు, రాయిస్."