మేరమ్మ సాక్ష్యం

"శుక్రవారం ప్రార్థన కూడికలో నువ్వే సాక్ష్యం చెప్పాల," అన్నాడు యిర్మియా, గంజి తాగిన గిన్నె భార్య ముందుకి తోస్తూ. "నవలలు చదవడం పాపమని పాస్టరు అయ్యగారు చెప్పారుగా. ఆ నవల ఆయన చేతికిచ్చేసి, తప్పయిపోయిందని చెప్పు. బస్, ఖతమ్."

మేరమ్మ గిన్నె తీసుకుంది. అండమాన్‌లోని ఈ ఫెరార్‌గంజ్ వచ్చిన ఆరేళ్లలో కూడికలో ఆమె చెప్పిన సాక్ష్యాలన్నీ ఆయనవే. ఆయనకి జ్వరం తగ్గడం, రంపపు మిల్లులో ఆయన పని పర్మినెంటు కావడం. ఆమెకి జ్వరం రాలేదని కాదు. వచ్చిన రోజున కూడా ఏడుగురికి వండింది, అందుచేత అది జ్వరమని ఎవరికీ తోచలేదు. ఆ నవల విశాఖపట్నం ఓడలో, చెల్లెలు పంపిన మిరపకాయల సంచి అడుగున వచ్చింది. అన్నానికి పెట్టిన ఎసరు మరిగేలోగా కూడబలుక్కుంటే రోజుకి రెండు పేజీలు సాగేవి.

"చదివి చదివి చీఫ్ కమీషనరవుద్దేమో! ముందు వక్కలొలవమను," అనేది అత్త.

పక్కింటి జ్ఞానవతి మాత్రం అడిగింది. "ఏముంది దీదీ అందులో?"

"ఒకావిడ గోడ కడతది. ఏరొచ్చి పట్టుకుపోద్ది. మళ్లీ కడతది."

"అది మన బతుకేగా! దానికి చదవడమెందుకు?"

శుక్రవారం జ్ఞానవతి ఇంట్లో చాపలు పరిచారు. ఒక్కో సాక్ష్యం అవగానే అందరూ "దేవునికి స్తోత్రం" అంటున్నారు. మేరమ్మ పుస్తకంతో లేచింది. అయ్యగారు చెయ్యి చాపారు.

"నా రెండో బిడ్డ వానల్లో పోయింది. మూడో రోజున వక్కలొలిచాను. ఓర్పుగల మనిషన్నారు. ఓర్పు కాదది, నన్నెవరూ కూర్చోమనలేదు. ఇందులో ఆవిడ ఏడుపు మానుకుని గోడ కట్టలేదు, ఏడుస్తూనే మట్టి తొక్కింది. అది చదివాక నాకూ ఏడుపొచ్చింది, మూడేళ్లకి. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇదే నా సాక్ష్యం."

"పుస్తకం ఇయ్యవే," పళ్లు బిగబట్టి అన్నాడు యిర్మియా.

"ఇంకా నలభై పేజీలున్నాయి. అయిపోయినా ఇవ్వను."

ఎవరూ స్తోత్రం అనలేదు. మేరమ్మ తన సాక్ష్యానికి తనే స్తోత్రం చెప్పుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.