మనోజక్క జాకెట్టు

హుక్కులు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయాయి. ఇంకా లాగితే బట్ట చిరుగుతుంది.

"ఊపిరి బిగబట్టిన. పెట్టు ఉదయా," అంది మనోజక్క అద్దంలో నన్ను చూస్తూ.

ఫిలింనగర్ స్టూడియోలో మేకప్ గది అది. నేను కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుని. నిరుడు మనోజక్క మీద తీసిన పాటలో ఒక ముక్క మళ్లీ తీస్తున్నారు. అవే బట్టలు, అదే మనిషి, అలాగే కనిపించాలి. జాకెట్టు పట్టకపోతే ఆ ముక్కను డూప్ వందనతో వెనక నుంచి తీసేస్తామన్నారు. సినిమా మొత్తంలో మనోజక్క ముఖం సరిగ్గా కనబడేది ఆ ముక్కలోనే.

పోయిన వారం ట్రయల్‌లో జాకెట్టు పట్టనప్పటి నుంచి ఆమె ఫోన్లో చూసినవన్నీ చేసింది. పొద్దున్నే జీలకర్ర నీళ్లు, నడుముకు ప్లాస్టిక్ చుట్టుకుని నడక. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా మానేసింది.

"కాటా మీద రెండు కిలోలు తగ్గిన. మరి గిదెందుకు పడ్తలేదు?" పెదవులు ఎండి పొరలు లేచాయి.

"ఒంట్ల నీళ్లే పోయినట్టున్నయి అక్కా."

"నువ్వేమన్న డాక్టర్‌వా? గుంజు!"

అసిస్టెంట్ డైరెక్టర్ అరవింద్ తలుపు కొట్టాడు. "ఏంటమ్మా, పెళ్లికూతుర్ని చేస్తున్నారా? లైటింగ్ అయిపోయింది. వందనని పిలవనా?"

"అయిదు నిమిషాలు సార్!" అన్నాను.

కుట్లు వదులు చేద్దామని జాకెట్టు విప్పించి తిరగేశాను. లోపల ఎర్రదారంతో చిన్న ముడి. డూప్ బట్టలకు మేం వేసే గుర్తు అది. ప్రతి డ్రెస్సూ రెండు సెట్లు కుట్టిస్తాం. ట్రయల్‌కూ ఇవాళా పెట్టెలోంచి వందన సెట్టే వచ్చింది. వందన బాగా సన్నం.

పరుగెత్తి రెండోది తెచ్చాను. "నీది గిది అక్కా. ఇన్ని దినాలు వందన జాకెట్టుకోసం ఎండినవ్."

చేతులు తొడుక్కుంటూనే ఆమె తూలి బల్ల పట్టుకుంది. నీళ్ల సీసా ఇస్తే ముఖం తిప్పుకుంది.

"తాగితే కడుపు ఉబ్బుతది. షాట్ అయినంక."

మళ్లీ తలుపు చప్పుడు. "వందన వస్తోంది. తర్వాత నన్ననకండి!"

ఒక్క హుక్కే మిగిలింది. నేను చేయి తీసేశాను.

"తాగితేనే పెడ్త."

"పిచ్చి లేసిందా? నా ఛాన్స్ పోతది!"

"గాడ కిందపడ్డా పోతది."

వరండాలో వందన గజ్జెల చప్పుడు దగ్గరవుతోంది. మనోజక్క సీసా లాక్కుని గటగటా తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్లు బట్ట మీద పడకుండా తువ్వాలుతో అద్దాను. రెండు కొసలూ దగ్గరికి తెచ్చాను. లాగనక్కర్లేకుండానే కలిశాయి.

ఆమె పొట్ట మీద చేయి వేసుకుంది. "పట్టిందా?"

"పట్టింది."

తలుపు తీసి వందన పక్కనుంచి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"సీసా పట్టుకరా."