‘పూర్తిగా’ అన్న మాట

మా ఆయన జ్ఞానయ్యకు నోరు ఊరుకోదు. ఆయనకు ఒకసారి గుండె ఆపరేషనయింది. గుండె చుట్టూ ఉండే పొరనే కొంత కత్తిరించి, ఆ ముక్కతో పాడైన వాల్వును కుట్టారు. కోలుకున్నాక నాచారం చర్చిలో, ప్రభువు చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యానికి నిలబడ్డాడు. “ప్రభువు నన్ను పూర్తిగా బాగు జేసిండు. ఇగ దవాఖానా మొకం సూడ!” అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ అన్నాను, ఏం చేస్తాను!

నాలుగేళ్లు తిరిగాక, తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో చెప్పిన ఏడాది, ఆయాసం మళ్లీ మొదలైంది. పంపుల కంపెనీ నుంచి వచ్చి బస్సు దిగితే, ఇల్లు చేరేలోగా ఎవరి అరుగు మీదో కూలబడేవాడు. అడిగితే చెప్పులో రాయి పడిందనేవాడు. రోజూ రాయేనా! నేనే ఆటో ఎక్కించి ఉప్పల్‌లో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. కుట్టిన పొర చిరిగిందట, రక్తం వెనక్కి కారుతోందట. మళ్లీ ఛాతీ తెరిచి లోహపు వాల్వు పెట్టకపోతే మనిషి దక్కడని చెప్పింది.

“నేను జేయించుకోను,” అన్నాడు ఇంటికి రాగానే. “గంతమందిల సాక్ష్యం జెప్పిన. ఇప్పుడు మళ్ల పోతె ప్రభువు మాట అబద్ధం జేసినట్టే గదా రోజీ!”

నాకు ఒళ్లు మండింది. “ఏమయ్యా, పూర్తిగా అని ప్రభువు అన్నడా, నువ్వన్నవా?”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ నేనే లేచాను. “మా ఆయన ‘పూర్తిగా’ అని జర ఎక్కువ జెప్పిండు. తప్పు ప్రభువుది గాదు, ఈయన నోటిది. మళ్ల ఆపరేషనున్నది. ప్రార్థన జేయున్రి. నాకు ఈ మనిషి గావాలె,” అంటూ ఏడ్చేశాను. పాస్టరు టిమోతిగారు “ఆమెన్” అన్నారు. ఆ తర్వాత అందరూ అన్నారు.

బయటికొచ్చాక మా ఆయన మెల్లగా, “చెప్పుల రాయి గాదే, ఆయాసమే,” అన్నాడు.

“నాకు తెల్వదా!” అన్నాను.

ఆపరేషను బాగా జరిగింది. క్రిస్మస్‌కు ముందు ఇద్దరం చర్చికి వెళ్లాం. మౌన ప్రార్థనలో టిక్కు టిక్కుమని చప్పుడు.

“గడియారం ఎవరిదో జర బయట పెట్టున్రి,” అన్నారు పాస్టరుగారు, కళ్లు మూసుకునే.

మా ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. “గడియారం గాదు పాస్టరుగారూ. సాక్ష్యం.”

ఇంకో మాట అనబోయి, నా వైపు చూసి, నోరు మూసుకుని కూర్చున్నాడు.