అక్క చివరి మాట

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆమె ఓ ప్రయోగశాలలో జ్ఞాపకాల మీద పరిశోధన చేసేది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట ఒక ఎంజైమ్ ఉంటుంది. మనసుపెట్టి విన్నప్పుడు అది మేల్కొని ఆ అతుకును గట్టిపరుస్తుంది. మేల్కొనకపోతే విన్నది విన్నట్టే జారిపోతుంది. ఎలుకల మెదడు పొరల్లో ఆ ఎంజైమ్ చుక్కలుగా వెలగడాన్ని గమనించడం ఆమె పని.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. పిచ్చుక ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మైక్రోస్కోప్ మీంచి కన్ను తీయకుండానే ఊఁ కొట్టింది. అక్క ఏదో చెప్పింది, నవ్వింది కూడా.

"వింటున్నావా అసలు?"

"వింటున్నానక్కా, చెప్పు."

ఆ సాయంత్రమే అక్క గుండె ఆగిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక బావ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అక్క ఆఖరుగా మాట్లాడింది నీతోనే కదమ్మా. ఏమంది?"

పిచ్చుక ఆ ఫోన్ మాటల్ని గుర్తుచేసుకోబోయింది. ఎంత తవ్వుకున్నా వెలిగే చుక్కలే గుర్తొచ్చాయి గానీ అక్క మాట ఒక్కటీ దొరకలేదు. ఆ మనిషి మొహం చూస్తే నిజం నోట రాలేదు.

"మీ గురించే బావా. 'మీ బావ పైకి గొణుగుతాడే గానీ మనసు వెన్న' అంది."

బావ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "గొణుగుతానందా? పోతూ పోతూ కూడా నన్ను వదల్లేదన్నమాట!"

ఆ తర్వాత కనిపించినవాళ్లందరికీ ఆ మాటే చెప్పాడు. చెప్పినప్పుడల్లా అది కొంచెం పెరిగింది.

నిజం చెప్పేద్దామని పిచ్చుక ఒకరోజు వెళ్లింది. తలుపు తీస్తూనే బావ అన్నాడు: "రామ్మా, ఇంకోసారి చెప్పు. ఎలా అంది?"

గుర్తుచేసుకున్నప్పుడు జ్ఞాపకం మెత్తబడుతుందని, మళ్లీ బిగిసేలోగా కొత్తది ఏది కలిసినా అందులోనే ఉండిపోతుందని ఆమెకు తెలుసు. ఈ మాట పీకేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? మళ్లీ అదే చెప్పింది.

ఈసారి అది ఆమె చెవుల్లో అచ్చం అక్క గొంతుతోనే వినిపించింది. పిచ్చుక ఉలిక్కిపడింది. అక్క ఏం చెప్పి నవ్విందో ఎప్పటికైనా గుర్తొస్తుందేమోనని ఆమె లోలోపల ఎదురుచూస్తూనే ఉంది. తను అల్లిన మాటే ఆ జ్ఞాపకంలో బిగుసుకుపోయాక ఇక ఆ ఆశా పోయింది. టీ పెడతానంటూ బావ లోపలికి వెళ్లగానే మొహం చేతుల్లో దాచుకుంది.