దీపం వేళకి తెచ్చేస్తానన్న గంట

నేను ఒక పూజగంటను. నా మోత విని ఎంతమంది పారిపోయారో, ఎంతమంది హారతి అనుకుని అగ్గిపుల్ల గీశారో తెలియదు. ఐదేళ్లుగా ఈ సందేహం నన్ను వదలలేదు.

అజ్జరంలో కంచు కరిగించి నన్ను పోతపోశారు. పిడి మీద గరుత్మంతుడు. లోపలి నాలుక కూడా కంచుదే. కోనసీమలో కాలవగట్టున ఉండే నరసాయమ్మ నన్ను కొనుక్కుని రెండు పూటలా మోగించేది. నా శబ్దానికి దేవతలు వస్తారని, రాక్షసులు పోతారని ఆవిడ నమ్మకం. నాదీ అదే.

ఆ పక్క కొబ్బరితోటల కింద గ్యాసు పడింది. సముద్రాల అవతలి కంపెనీ వేల కోట్ల పెట్టుబడితో దిగింది. భూమిపూజ నాడు సామగ్రి అంతా పట్నం నుంచి కారులో వచ్చింది గానీ గంట మరిచిపోయారు. కాపలాకు కుదిరిన బుల్లబ్బాయి పరుగున వచ్చాడు.

"పిన్నిగారండీ, మీ గంట ఓసారి ఇప్పించండి. దీపం వేళకి తెచ్చేత్తానండి, ఆయ్."

"తేకపోతే నీ చెవి మెలేస్తాను" అంటూ ఆవిడ ఇచ్చింది.

మోగాను. ఆ రోజు ఎవరిని రమ్మన్నానో ఇప్పటికీ చెప్పలేను. తెల్లదొర మాత్రం బొట్టు పెట్టించుకుని, నన్ను ముచ్చటగా చూసి, గేటు దగ్గర వేలాడదీయమన్నాడు. మర్నాడు ఎర్రరంగు పూసి నెంబరు వేశారు. ఇక నేను కంపెనీ ఆస్తిని.

నరసాయమ్మ ప్రతి శనివారం గేటు దగ్గరికి వచ్చేది.

"ఏరా, మీ కంపెనీలో ఇంకా పొద్దు గుంకలేదా?"

"నెంబరేసేశారండీ. ముట్టుకుంటే ఉజ్జోగం ఊడుద్ది. ఎప్పటికైనా తెచ్చిచ్చే పూచీ నాది."

పళ్లెం మీద చెంచాతో కొట్టుకుంటూ ఆవిడ ఏడేళ్లు హారతి ఇచ్చింది.

గ్యాసు గొట్టం నరసాయమ్మ ఉండే వీధి పక్కనే వెళ్లింది. అది తుప్పు పట్టిందని బుల్లబ్బాయికీ తెలుసు, దొరలకూ తెలుసు. కంపెనీ అప్పటికే తన వాటా అమ్మే బేరంలో ఉంది. కొన్నవాళ్లే మారుస్తారులే అని అమ్మేవాళ్లు ఊరుకున్నారు.

ఒక శుక్రవారం పొద్దున, పొయ్యిలు ముట్టించే వేళ, గొట్టం పగిలింది. నేల చీల్చుకుని బుసకొట్టింది. కిరసనాయిలు వాసనతో తెల్లటి మంచులాంటిది వీధిలోకి పాకింది. బుల్లబ్బాయి సైరన్ మీట దాకా వెళ్లి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కరెంటు మీట నొక్కితే రవ్వ పుడుతుంది. ఇనుము ఇనుముకు తగిలినా పుడుతుంది. కంచుకు పుట్టదు. నన్ను కొక్కెం నుంచి లాగి వీధిలోకి పరిగెత్తాడు.

"నిప్పెట్టకండి! అన్నీ ఒదిలేసి పరిగెట్టండి!"

దగ్గరి ఇళ్లకు అతని కేక వినబడింది. చివరి ఇళ్లకు నా మోత ఒక్కటే చేరింది.

నరసాయమ్మ అగ్గిపెట్టె పట్టుకుని దేవుడి ముందు కూర్చుని ఉందట. నా గొంతు గుర్తుపట్టింది. పూజలో నేనెప్పుడూ అలా ఏడవలేదు. అగ్గిపెట్టె విసిరేసి, పక్కింటి పిల్లలిద్దరినీ రెక్క పట్టి ఈడ్చుకుంటూ చేలల్లో పడి పరిగెత్తింది. చివరింట్లో ఎవరో కర్పూరం వెలిగించారని కొందరంటారు. టీకొట్టు పొయ్యి అని కొందరంటారు.

గాలే మండింది. చెట్లు నిలువునా కాలాయి. మనుషులు పరిగెడుతూనే కాలారు. కాలువలో దూకినవాళ్లు తల పైకెత్తితే అక్కడా మంటే. పందొమ్మిది మంది పోయారు. బుల్లబ్బాయి చర్మం నా పిడికి అతుక్కుపోయింది. వేళ్లు విరిచి నన్ను బయటికి తీశారు.

కంపెనీ సంతాపం తెలిపి, వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. సాక్ష్యమని పోలీసులు చీటీ కట్టి నన్ను ఐదేళ్లు ఒక గదిలో పెట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. కేసు మూశాక, చనిపోయినవాడి చేతిలో దొరికిన వస్తువని, అతని భార్య మంగాయమ్మ చేత సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు.

ఆమె నేరుగా కాలవగట్టుకు వచ్చింది. నరసాయమ్మ ఇల్లు మళ్లీ కట్టుకుంది. పొద్దు గుంకుతోంది.

"దీపం వేళకి తెత్తానన్నాడు కదండీ పిన్నిగారూ. కాత్త ఆలీసమైంది."

నరసాయమ్మ నన్ను అందుకుని చింతపండుతో తోమింది. మిగిలిన ఎర్రరంగు పోయింది, నెంబరూ పోయింది. పిడి మీద మాడిన మచ్చ దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. లోపలికి తీసుకెళ్లి మోగించింది.

వీధిలో నలుగురు గుమ్మాల్లోకి వచ్చి గాలి వాసన చూశారు. ఏమీ లేదని తేలాకే దీపాలు పెట్టుకున్నారు.

"నీ మొగుడు మాట నిలబెట్టుకున్నాడే మంగా" అంది నరసాయమ్మ. "కూర్చో. ప్రసాదం తిని వెళ్దువు గాని."